ఫోన్ మోగినప్పుడు కాలు ఎక్కడుంది? నక్కలగుట్ట – హుజూరాబాద్ మైలేజీ డైరీ

హుజూరాబాద్‌లో నాకు బోరు మోటర్ల రిపేరు షాపుంది. ఇల్లు హనుమకొండ నక్కలగుట్టలో. ఓడోమీటరు ప్రకారం ఒక వైపు 37.4 కి.మీ., రానూపోనూ 74.8. బండి 998 సీసీ పెట్రోలు, ఐదు గేర్ల మాన్యువల్. నేను కూర్చుంటే దగ్గర దగ్గర 900 కిలోలు. దారి పొడుగునా రైతుల ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ ఫోన్లు నా పెట్రోలును ఎంత తాగుతున్నాయో కొలవడానికి ఈ పని పెట్టుకున్నాను. ఎవరైనా మళ్లీ చేయాలంటే నేను చేసిన తప్పులు వాళ్లు చేయకూడదని అన్నీ రాస్తున్నాను.

ముందే పెట్టుకున్న నియమాలు:

1. కొలత కోసం ఒక్క కాల్ కూడా కావాలని చేయను, తీయను. ఎప్పుడూ ఉండే అలవాటు ఎలా ఉందో అలాగే రికార్డు చేస్తాను.
2. చేత్తో ఫోన్ పట్టుకోవడం ఉండదు. అది మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్. మొదటిసారికే జరిమానా 1,000 నుంచి 5,000 దాకా ఉంది, జైలు కూడా ఉంది. 2020లో వచ్చిన సవరణ దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడనిచ్చింది, అది కూడా డ్రైవరు ధ్యాస చెదరకుండా. నా కాల్స్ అన్నీ కారు స్పీకరులో బ్లూటూత్ మీద మాట్లాడేవే.
3. ఏసీ ఆఫ్. అద్దాలు హైవే మీద పైకి. ఆదివారం లెక్కలోకి రాదు.

దశ 1: ఫుల్ ట్యాంక్ లెక్క (2025 నవంబరు 3–15)

అందరం చేసేదే చేశాను. ట్యాంకు నింపాను, నాలుగు రోజులు తిరిగాను, మళ్లీ నింపాను. ప్రతిసారీ 299.2 కి.మీ.

మొదటిసారి 14.9 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 20.1 కి.మీ.
రెండోసారి 17.1 లీటర్లు, 17.5.
మూడోసారి 15.2 లీటర్లు, 19.7.

అదే దారి, అదే మనిషి, అదే బండి. 17.5కీ 20.1కీ మధ్య ఇంత తేడా నడపడంలో లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక బంకు దగ్గరే అర్థమైంది. ఒకసారి గన్ను కట్ అయ్యాక కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం ఇంకో 90 రూపాయలది పోశాడు. ఇంకోసారి బండి వాలులో నిలబడింది. 32 లీటర్ల ట్యాంకులో మెడ దగ్గర లీటరు అటూ ఇటూ కావడం చాలా తేలిక. పదిహేను లీటర్ల కొలతలో లీటరు తప్పంటే 6 శాతం పైనే. నేను వెతుకుతున్న తేడా కూడా అంతే ఉండొచ్చు.

మార్చినవి:

1. ఒకే బంకు, ఒకే గన్ను, ఒకే చోట బండి, పొద్దున 7 గంటలకే.
2. మొదటిసారి గన్ను కట్ అయిన దగ్గరే ఆపాలి. రౌండ్ ఫిగర్ వద్దని ముందే చెప్పాలి.
3. నాలుగు రోజులకు కాదు, ఆరు రోజులకు ఒకసారి నింపాలి. అప్పుడు అర లీటరు తప్పున్నా 2 శాతం దగ్గర ఆగుతుంది.

మొత్తం: 12 రోజులు, 897.6 కి.మీ., 47.2 లీటర్లు. ఖర్చు: 0.

దశ 2: బండితో మాట్లాడే డబ్బా (నవంబరు 17–22)

వారానికొక అంకె వస్తే, ఏ నిమిషంలో పెట్రోలు పోయిందో తెలియదు. అందుకని స్టీరింగు కింద ఉండే, మెకానిక్కులు ఇంజను లోపాలు చూసే ఓబీడీ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ అడాప్టరు కొన్నాను. ఈఎల్ఎం 327 చిప్పు రకం. మొదటిది 450 రూపాయలది, పది నిమిషాలకోసారి తెగిపోయింది. రెండోది 1,150. అది నిలబడింది. పాత ఫోన్ ఒకటి రికార్డింగుకు పెట్టి, గ్లవ్ బాక్సులో వేసి మూసేశాను. దాన్ని తోలేటప్పుడు ముట్టుకునే పనే లేదు.

సెకనుకోసారి రాసుకున్నవి: వేగం, ఇంజను ఆర్‌పీఎం, థ్రాటిల్ (ఇంజనులోకి గాలి వదిలే కవాటం) ఎంత శాతం తెరిచి ఉంది, గాలి మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి పోయే గొట్టం) ఒత్తిడి, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, ఇంధన వ్యవస్థ స్థితి (పెట్రోలు పోతోందా, ఆగిందా).

నా బండిలో గాలి బరువును నేరుగా కొలిచే సెన్సారు లేదు. ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం తీసుకుని ఎంత గాలి పోయిందో యాప్ అంచనా వేస్తుంది. ఒక వంతు పెట్రోలు కాలడానికి 14.7 వంతుల గాలి కావాలి కాబట్టి, దాన్ని 14.7తో భాగిస్తే పెట్రోలు బరువు వస్తుంది. ఈ లెక్కలో ఒక అంకె మనమే ఇవ్వాలి: సిలిండరు తన సైజులో నిజంగా ఎంత శాతం గాలి పీల్చుకుంటుందో. యాప్‌లో 80 అని ఉంది. అలాగే వదిలేశాను. వారం చివర యాప్ 27.1 లీటర్లంది. బంకులో పట్టింది 23.9.

సరే అని 80ని 70.6కు దించాను. మొత్తం కలిసింది. కానీ అది తప్పు దిద్దుబాటు. ఆ తప్పు పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గేరులో ఉండగా యాక్సిలరేటరు మీంచి కాలు పూర్తిగా తీస్తే, ఆర్‌పీఎం తగినంత ఉన్నంతసేపు ఇంజను పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను ఆపేస్తుంది. పెట్రోలు సున్నా. బండి ఊపుతోనే ఇంజను తిరుగుతుంది. కానీ ఇంజను తిరుగుతోంది కాబట్టి గాలి మాత్రం పీలుస్తూనే ఉంటుంది. యాప్ గాలిని చూసి పెట్రోలు లెక్క కడుతుంది. అంటే నేను ముందుగా కాలు తీసి మిగిల్చిన పెట్రోలును కూడా ఖర్చు కిందే రాసేస్తోంది. నేను కొలవాలనుకున్నదే ఆ పొదుపు. అదే కనబడకుండా పోతోంది.

దిద్దిన విధానం:

1. థ్రాటిల్ మూసి ఉండి, ఇంధన వ్యవస్థ స్థితి కోతను చూపిస్తే ఆ సెకను పెట్రోలు సున్నా అని పెట్టాలి.
2. అప్పుడు వారం మొత్తం మళ్లీ కూడాలి. నాకు 25.6 వచ్చింది.
3. ఆ తర్వాతే బంకు అంకెతో సరిపెట్టాలి. 80ని 23.9తో గుణించి 25.6తో భాగిస్తే 74.7. ఇదే చివరిదాకా వాడాను.

ఇంకో తప్పు గడియారాలది. రికార్డింగు ఫోన్ నా ఫోన్ కంటే 47 సెకన్లు వెనక ఉంది. 60 వేగంలో 47 సెకన్లంటే 783 మీటర్లు. హసన్‌పర్తిలో వచ్చిన కాల్ ముప్పావు కిలోమీటరు అవతల వచ్చినట్టు పడుతోంది. అప్పటినుంచి రోజూ పొద్దున బండి కదిలించక ముందు రెండు తెరలూ పక్కపక్కన పెట్టి సమయం చూసుకున్నాను.

ఇప్పటిదాకా మొత్తం: 18 రోజులు, 1,346.4 కి.మీ., 71.1 లీటర్లు. ఖర్చు: 1,600.

దశ 3: అలవాటు ఎలా ఉందో అలాగే (నవంబరు 24 – డిసెంబరు 6)

12 రోజులు, 24 ట్రిప్పులు, 47.6 లీటర్లు. సగటు 18.86.

ఈ 12 రోజుల్లో తోలుతూ మాట్లాడిన కాల్స్ 173. మొత్తం 489 నిమిషాలు. రోడ్డు మీద గడిపిన సమయంలో మూడో వంతు. నేను 'రోజుకు నాలుగైదు' అనుకునేవాణ్ని.

లెక్కలు ఎక్సెల్‌లో వేసింది మా బామ్మర్ది. మొదటి పట్టిక చూసి ఫోన్ చేశాడు (షాపులో ఉన్నాను).

"గిదేంది బావా, ఫోన్‌ల మాట్లాడుతుంటే మైలేజీ ఎక్కువ వచ్చింది?"

నిజమే. హసన్‌పర్తి దాటాక హుజూరాబాద్ దాకా, ఫోన్ లేనప్పుడు సగటు వేగం 64, మైలేజీ 20.6. కాల్‌లో ఉన్నప్పుడు వేగం 57, మైలేజీ 21.3. అక్కడితో ఆపి ఉంటే ఫోన్ మాట్లాడితే పెట్రోలు మిగులుతుందని రాసేవాణ్ని.

రెండు కారణాలున్నాయి. ఒకటి, మాటల్లో పడితే మనకు తెలియకుండానే వేగం తగ్గిస్తాం. ఫోన్ మాట్లాడే డ్రైవర్లు ఇలా నెమ్మదిస్తారని పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నదే. వేగం తగ్గితే గాలి అడ్డు తగ్గుతుంది. ఆ లాభం ఫోన్‌ది కాదు, 57ది. ఫోన్ లేకుండా 57లో పోయినా వస్తుంది. రెండోది, నేను రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే కాల్ తీస్తున్నాను. వడ్లు ఆరబోసిన చోట, రోడ్డు విస్తరణ పనుల డైవర్షన్ దగ్గర, పత్తి బండ్ల వెనక తీయడం లేదు. తేలిక దారంతా కాల్ ఖాతాలోకీ, కష్టమైన దారంతా ఫోన్ లేని ఖాతాలోకీ పోయింది.

అందుకే మళ్లీ మొదలు:

1. దారిని 500 మీటర్ల ముక్కలు చేశాం.
2. ఒకే ముక్క, ఒకే దిశ మాత్రమే పోల్చాం.
3. ముక్కలోకి వచ్చేటప్పుడు వేగం 55–60 మధ్య ఉన్నవే తీసుకున్నాం.
4. కాల్‌తో కనీసం మూడుసార్లు, కాల్ లేకుండా కనీసం మూడుసార్లు దాటిన ముక్కలే ఉంచాం. హైవే మీద 19 ముక్కలు మిగిలాయి. చాలా డేటా పారేయాల్సి వచ్చింది. వేరే దారి లేదు.

ఇప్పుడు హైవే ముక్కల్లో ఫోన్ లేనప్పుడు 22.4, కాల్‌లో 20.9. దాదాపు 7 శాతం తక్కువ. ఊళ్లో, నక్కలగుట్ట నుంచి హనుమకొండ చౌరస్తా, నయీంనగర్ మీదుగా కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ దాకా 14.8 కాస్తా 13.1 అయింది. పదకొండున్నర శాతం.

పెట్రోలు ఎక్కడ పోతోందో చూడ్డానికి ఆరు చోట్లు ఎంచుకున్నాను: రెండు స్పీడ్ బ్రేకర్లు, మూడు ఊళ్ల మొదళ్లు, ఎల్కతుర్తి జంక్షన్. అక్కడికి ఎన్ని మీటర్ల ముందు నా కాలు యాక్సిలరేటరు వదిలిందో చూశాను.

ఫోన్ లేనప్పుడు: సగటున 142 మీటర్ల ముందు.
కాల్‌లో: 71 మీటర్లు.
ఫోన్ మోగింది, తీయలేదు: 88 మీటర్లు.

మూడో అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తీయని ఫోన్ కూడా కాలిని పట్టుకుంటోంది. ఎవరై ఉంటారు, ఏ ఊరు, ఏ మోటరు అని మనసు పోతుంది. కాలు ఉన్నచోటే ఉంటుంది.

71 మీటర్లు ఆలస్యమైతే ఒక్కో చోట మూడు నాలుగు మిల్లీలీటర్లు. అసలు నష్టం ఆ తర్వాత వేసే బ్రేకులో ఉంది. 900 కిలోల బండి 60 వేగంలో ఉంటే దాని ఊపు 125 కిలోజౌళ్లు. లీటరు పెట్రోలులో 32 మెగాజౌళ్లు ఉన్నా, చక్రం దాకా చేరేది పావు వంతే అనుకుంటే, ఆ ఊపును మళ్లీ తెచ్చుకోవడానికి సుమారు 16 మి.లీ. కావాలి. 60 నుంచి 30కి దిగినా పోయేది సగం కాదు, ముప్పావు. ఊపు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి. ఒక్క సెకనులో 8 కి.మీ. కంటే ఎక్కువ వేగం పడితే 'గట్టి బ్రేకు' అని పేరు పెట్టుకున్నాను. ఫోన్ లేనప్పుడు 100 కి.మీ.కు 9. కాల్‌లో 21.

దశ 3, నేను రాయకుండా దాటేయాలనుకున్న భాగం

ఫోన్ తెర ఎప్పుడు వెలిగిందో రాసే చిన్న ఆటోమేషన్ కూడా పెట్టాను. తోలుతూ ఫోన్ ముట్టనని నా నమ్మకం. 12 రోజుల్లో బండి కదులుతుండగా తెర 131 సార్లు వెలిగింది. అందులో కొన్ని కాల్ వచ్చినప్పుడు తనంతట తాను వెలిగినవి. వాటిని తీసేశాక కూడా 74 మిగిలాయి. అవి నా వేలు వెలిగించినవే. ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. 131లో 14 సార్లు పది సెకన్లలోపే గట్టి బ్రేకు పడింది.

ఆ పద్నాలుగు బ్రేకుల్లో ఒకటి మాత్రం గుర్తుంది. నవంబరు 27, పొద్దున 8:50, ఎల్కతుర్తి దాటాక. బర్రెలు రోడ్డెక్కాయి. వాటి వెనక కట్టె పట్టుకుని పదేళ్ల పిల్లగాడు. 61 నుంచి 14కు, నాలుగు సెకన్లలో. అద్దం దించి ఆ పిల్లవాణ్ని తిట్టాను. ఇంటికొచ్చి 'బర్రెలు హఠాత్తుగా అడ్డమొచ్చాయి' అని చెప్పాను. నేను అబద్ధం చెప్పలేదు. నాకు అలాగే కనిపించింది. రికార్డులో మాత్రం బ్రేకుకు ఐదు సెకన్ల ముందు తెర వెలిగి ఉంది. ఐదు సెకన్లంటే ఆ వేగంలో 85 మీటర్లు. అక్కడ రోడ్డు నేరుగా ఉంటుంది. బర్రెలు హఠాత్తుగా రాలేదు. నేనే హఠాత్తుగా తలెత్తాను.

ఆ రాత్రి పెట్రోలు లెక్క పక్కన పెట్టేశాను. మర్నాటి నుంచి ఫోన్ నా చేతికి అందే చోట లేదు. 74 వేళ్ల లెక్క ఆ రోజు దాకా పడిందే, డిసెంబరులో ఒక్కటీ లేదు. ఆ పిల్లవాడు మళ్లీ కనిపిస్తాడేమోనని అక్కడ నెమ్మది చేస్తున్నాను. రెండుసార్లు దూరంగా చూశాను, మాట్లాడే వీలు కాలేదు.

కాల్ పెట్టేశాక ఏమవుతుందో కూడా చూశాను. పెట్టేసిన మొదటి నిమిషంలో కాలు వదిలే దూరం 142కు రాలేదు, 100 దగ్గరే ఆగింది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో కారులో మాటతో ఇచ్చే ఆదేశాలను పరీక్షించి, పని అయిపోయాక కూడా ధ్యాస పూర్తిగా తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టవచ్చని చెప్పారు. 60 వేగంలో 27 సెకన్లంటే 450 మీటర్లు.

మొత్తం: 30 రోజులు, 2,244 కి.మీ., 118.7 లీటర్లు.

దశ 4: సైలెంట్ (డిసెంబరు 8–13). పనిచేయలేదు

ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక సీటు మీద వేశాను. మైలేజీ పెరుగుతుందనుకున్నాను. 24.3 లీటర్లు పట్టింది. 18.47. ఆరు రోజులకోసారి నింపడం మొదలుపెట్టాక ఇదే అన్నిటికంటే తక్కువ.

కారణం టెన్షన్. యాసంగి నార్లు పోసే కాలం. మోటరు ఆగితే రైతు ఎవరికి చెప్పుకుంటాడు? దాదాపు ప్రతి ఇరవై నిమిషాలకూ పక్కకు ఆపి చూశాను. ఆరు రోజుల్లో 34 సార్లు ఆగాను, అన్నిసార్లూ ఇంజను ఆన్‌లోనే. లెక్క ఇలా వచ్చింది:

1. 34 సార్లు 60 నుంచి సున్నాకు, మళ్లీ 60కి. ఒక్కోటి 16 మి.లీ. చొప్పున 544.
2. నిలబడి ఉన్న ఇంజను నిమిషానికి 10 మి.లీ. తాగుతోంది. సగటున రెండు నిమిషాలు. 680.
3. కలిపి లీటరు పైన 224 మి.లీ.

ఫోన్ మాట్లాడకపోవడం వల్ల మిగిలిందంతా ఇందులో పోయి, ఇంకా మైనస్ అయింది.

మొత్తం: 36 రోజులు, 2,692.8 కి.మీ., 143 లీటర్లు.

దశ 5: ఆటోమేటిక్ మెసేజ్ (డిసెంబరు 15–20). ఇదీ పనిచేయలేదు

కాల్ చేసినవాళ్లకు మెసేజ్ పోయేటట్టు పెట్టాను: 'బండి నడుపుతున్నాను. అర్జెంటు అయితే రెండుసార్లు చేయండి.' రెండుసార్లు చేస్తే మోగుతుంది.

అందరూ రెండుసార్లు చేశారు. ఒక పెద్దమనిషిని అడిగితే, "నువ్వే కదా బిడ్డా రెండుసార్లు చెయ్యమన్నవ్" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఎవరి మోటరు వాళ్లకు అర్జెంటే. ఇది ఫోన్‌లో సెట్టింగు మార్చితే తీరే పని కాదని అప్పుడు తెలిసింది. రైతుకు ఆ గంటసేపు ఎవరో ఒకరు పలకాలి. పలికే మనిషి స్టీరింగు దగ్గర ఉండకూడదు, అంతే.

24 లీటర్లు, 18.70.

మొత్తం: 42 రోజులు, 3,141.6 కి.మీ., 167 లీటర్లు.

దశ 6: మనిషిని పెట్టాను, కానీ టైర్లు చెడగొట్టాయి (డిసెంబరు 22–27)

కొత్త పద్ధతి:

1. పొద్దున 8:00 నుంచి 8:20 దాకా ఇంట్లోనే కూర్చుని రాత్రి మిస్డ్ కాల్స్ అన్నిటికీ జవాబు.
2. 8:20కి నా నంబరు షాపు నంబరుకు డైవర్ట్. షాపులో పిల్లగాడు 8కే వస్తాడు. నోటుబుక్కులో నాలుగే గీతలు: పేరు, ఊరు, మోటరు ఎన్ని హెచ్‌పీ, ఏమవుతోంది. ఇంట్లోవాళ్లకు కూడా అదే నంబరు.
3. ఫోన్ సంచిలో, సంచి డిక్కీలో.
4. ఎల్కతుర్తిలో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు. ఇంజను ఆఫ్. షాపుకు ఫోన్ చేసి నోటుబుక్కు చదివించుకోవడం.
5. సాయంత్రం తిరుగు ప్రయాణంలో కూడా ఇంతే.

మొదటి వారమే 22.4 లీటర్లు. 20.04! చాలా సంతోషపడ్డాను. బామ్మర్ది మాత్రం అడిగాడు, "టైర్లల్ల గాలెప్పుడు పట్టిచ్చినవ్ బావా?"

ఆ సోమవారమే. 350 పెట్టి గాలి కొలిచే గేజు కొని చూస్తే 27 ఉంది. 33కు పట్టించాను. ఒకేసారి రెండు మార్పులు చేశాను. ఆ వారం లెక్కకు పనికిరాదు. మళ్లీ గాలి తీసి తోలడం ప్రమాదం, కాబట్టి అది చేయలేదు. పైగా నవంబరులో రోడ్డు మీద సగం దాకా ఉన్న వడ్లు ఇప్పుడు లేవు. అంటే పాత 18.86తో ఇక దేన్నీ పోల్చకూడదు.

సెలవు వారంలో అడాప్టరు సాకెట్‌లోనే వదిలేశాను. నాలుగేళ్ల బ్యాటరీ, పొద్దున స్టార్ట్ కాలేదు. మెకానిక్కు 200. వాడనప్పుడు అడాప్టరు పీకేయండి.

మొత్తం: 48 రోజులు, 3,590.4 కి.మీ., 189.4 లీటర్లు. ఖర్చు: 2,150.

దశ 7: పోలిక మళ్లీ మొదటినుంచి (2026 జనవరి 5–10)

టైర్లు 33, వడ్లు లేని రోడ్డు, బ్లూటూత్‌లో కాల్స్ పాత అలవాటు ప్రకారం. తెర ముట్టడం మాత్రం లేదు, ఫోన్ వెనక సీటు మీదే. 81 కాల్స్, 226 నిమిషాలు. 23.2 లీటర్లు, 19.34.

అంటే టైర్లు, ఖాళీ రోడ్డు కలిపి సుమారు రెండున్నర శాతం ఇచ్చాయి. ఇది చూడకపోతే ఆ గొప్ప కూడా ఫోన్‌కే కట్టబెట్టేవాణ్ని.

ఈ వారం తోలడం నాకు ఇష్టం లేకుండా చేసిన పని. అప్పటికే తెలిసిపోయాక మళ్లీ కాల్స్ తీయడం కష్టంగా అనిపించింది. రెండో వారం చేయాల్సింది, చేయలేదు. అందుకే ఈ అంకెలో అటూ ఇటూ 2 శాతం తప్పుండొచ్చని గుర్తుపెట్టుకోండి.

మొత్తం: 54 రోజులు, 4,039.2 కి.మీ., 212.6 లీటర్లు.

దశ 8: మూడు వారాలు (జనవరి 19–24, ఫిబ్రవరి 2–14)

సంక్రాంతి వారం, మేడారం జాతర వారం వదిలేశాను. జాతరప్పుడు మా దారిలో బండ్ల వరుస మామూలుగా ఉండదు. ఆ వారం కొలిస్తే జాతరనే కొలిచినట్టు.

18 రోజులు, 1,346.4 కి.మీ., 66.3 లీటర్లు. సగటు 20.31.

19.34 నుంచి 20.31. ఐదు శాతం. గట్టి బ్రేకులు 100 కి.మీ.కు 8. ఆరు చోట్ల కాలు వదిలే దూరం 151 మీటర్లు. తోలే సమయం 64 నిమిషాల నుంచి 65 అయింది. టీ పది నిమిషాలు అదనం.

రూపాయల్లో: రోజుకు 185 మి.లీ. లీటరు 107 చొప్పున 20 రూపాయల దగ్గర. నెలకు 26 రోజులు పోతే 515. పెట్టిన 2,150 నాలుగు నెలలు దాటాక తిరిగొస్తుంది.

ఐదు శాతం ఎక్కడినుంచి వచ్చిందో కూడి చూశాను. కాల్స్ రోడ్డు సమయంలో మూడో వంతు, నష్టం సగటున 8 శాతం, అంటే రెండున్నర. కాల్ తర్వాతి నిమిషాలు ముప్పావు. మోగి తీయనివి అర. కలిపితే మూడు ముప్పావు. మిగిలిన ఒకటింపావుకు నా దగ్గర వివరణ లేదు. బంకు కొలతలో ఉండే తప్పు అంతకంటే పెద్దది కాబట్టి దాన్ని ఎక్కువ తవ్వలేదు.

మూడు వారాల్లో నోటుబుక్కులో 118 కాల్స్ ఉన్నాయి. వాటిలో అరగంట ఆగలేనివి మూడే. మూడూ కరెంటు తీగలకు సంబంధించినవి, పిల్లగాడు లైన్‌మన్‌కు చెప్పమన్నాడు. నేను ఫోన్ తీసినా అదే చెప్పేవాణ్ని. ఇంకో సంగతి, నోటుబుక్కు ఉంటే సామాను ముందే తీసి పెట్టుకోవచ్చు. కండెన్సరు మర్చిపోయి మళ్లీ షాపుకు రావడం ఈ మూడు వారాల్లో ఒక్కసారే జరిగింది.

మొత్తం: 72 రోజులు, 5,385.6 కి.మీ., 278.9 లీటర్లు. ఖర్చు: 2,150.

చేయాలనుకునేవాళ్లకు, ఈ వరుసలో

1. టైర్లలో గాలి మొదటి రోజే సరిచేయండి. తర్వాత వారానికోసారి చూడండి.
2. ఒకే బంకు, ఒకే గన్ను, మొదటి కట్. ఆరు రోజులకు తక్కువ కాకుండా.
3. ఓబీడీ యాప్ కాలు తీసిన సెకన్లలో పెట్రోలు సున్నా చూపిస్తోందో లేదో ముందు పరీక్షించండి. ఖాళీ వాలులో గేరులో కాలు తీస్తే తెలుస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లను చూడమనండి, మీరు చూడొద్దు.
4. పోలిక వారాలు కనీసం రెండు. నేను ఒకటే చేశాను.
5. తెర వెలిగిన సమయాలు తప్పకుండా రాసుకోండి. మైలేజీ వద్దనుకున్నా ఇదొక్కటి చేయండి.

ఫిబ్రవరి 16, సోమవారం. పొద్దున ఎల్కతుర్తి దాటాక ఆ పిల్లవాడు కనిపించాడు. కాలు 160 మీటర్ల ముందే వదిలినట్టుంది, సాయంత్రం రికార్డులో చూడాలి. బర్రెలు దాటేదాకా ఆగి, అద్దం దించి పేరు అడిగాను. నన్ను గుర్తుపట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను. తల ఊపి బర్రెల వెంట పోయాడు, పేరు చెప్పలేదు.